ఆ నీలం చుక్క అబద్ధమాడుతోంది

ముందు నా తప్పు ఒప్పేసుకుంటా. ఆ తర్వాత మిగతావాళ్ళని తిడతా. వరస తప్పితే న్యాయం కాదు కదా.

రెండేళ్ళ క్రితం నేను పనిచేసిన కంపెనీలో (పేరెందుకు లెండి) ఒక ప్రాజెక్టు ఉండేది. మంటలంటుకున్న భవనంలోకి వెళ్ళిన ఫైర్‌మన్ ఏ అంతస్తులో, ఏ మూల ఉన్నాడో బయట నిలబడ్డ ఆఫీసరుకి టాబ్లెట్ మీద చూపించడం. బూటుకి ఒక సెన్సరు, నడుముకి ఒక రేడియో పెట్టె, బయట మా సాఫ్టువేరు. అందులో నా వాటా ఆ తెర. మ్యాపు గీసి, దాని మీద మనిషిని ఒక నీలం చుక్కగా చూపించాలన్నమాట. నేను ఆ చుక్క చుట్టూ లేత నీలం రంగులో ఒక వృత్తం కూడా గీశాను. "మనిషి సరిగ్గా ఈ చుక్క మీదే ఉన్నాడని కాదు, ఈ వృత్తంలో ఎక్కడో ఉన్నాడు" అని దానర్థం. మనిషి లోపలికి వెళ్ళి టైము గడిచేకొద్దీ ఆ వృత్తం పెరుగుతూ పోయేది. పెరగాలి కూడా. ఎందుకో కిందకొస్తే తెలుస్తుంది.

డెమోకి ముందురోజు సాయంత్రం మా మేనేజరు చూసి మొహం చిట్లించాడు. "ఏంటిది, చపాతీ అంత గుండ్రం? మనిషెక్కడున్నాడో మనకే తెలీదనుకుంటాడు క్లయింటు. తీసెయ్." తీసేశాను. ఒక్క లైను. కామెంటు చేసి, కోడు ఎక్కించేసి, క్యాబ్ పట్టుకుని ఇంటికెళ్ళిపోయాను. నిజం చెప్పొద్దూ, తెర కూడా చూడ్డానికి శుభ్రంగా ఉందనిపించింది.

డెమో బ్రహ్మాండంగా నడిచింది. మా టీములో ఒకడు సెన్సరు బూట్లేసుకుని భవనంలో తిరిగాడు. తెర మీద చుక్క మెట్లెక్కింది, మూడో అంతస్తులో కారిడార్ వెంట నడిచింది, పాంట్రీ పక్కన ఆగింది. చప్పట్లు. రాత్రికి బిరియానీ. తినేటప్పుడు వాడు నా చెవిలో చెప్పాడు: "మామా, నేను మూడో ఫ్లోరుకి రాలేదు తెలుసా. బ్యాడ్జీ మర్చిపోయా, రెండో ఫ్లోరు మెట్ల దగ్గరే సెక్యూరిటీ ఆపేశాడు. అక్కడే అటూ ఇటూ తిరిగా." ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. మనిషి గోడల్లోంచి నడిచినట్టు కనబడకుండా, చుక్కని దగ్గర్లో ఉన్న కారిడార్‌లోకి లాగే కోడొకటి ఉండేది మాకు. అదే వాణ్ణి తీసుకెళ్ళి పాంట్రీ పక్కన నిలబెట్టింది. ఎంత మర్యాదగా నిలబెట్టిందంటే, ఒక్కడికీ అనుమానం రాలేదు.

ఆ నవ్వు వర్సెస్టర్ గురించి చదివేదాకే.

1999 డిసెంబరు 3. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, వర్సెస్టర్ అనే ఊరు. 1906లో కట్టి, తర్వాత పాడుబడిపోయిన ఆరంతస్తుల కోల్డ్ స్టోరేజి గిడ్డంగి. కోల్డ్ స్టోరేజి కాబట్టి కిటికీలు దాదాపు లేవు. చల్లదనం పోకుండా గోడల్లో కార్కు, తారు, ఫోము దట్టించారు. అంటే అంటుకుంటే ఆరని సరుకు. లోపలంతా ఒకేలా ఉండే గదులు, ఒకేలా ఉండే తలుపులు. నీడ లేని ఇద్దరు అందులో తలదాచుకుంటున్నారు. కొవ్వొత్తి పడి మంటలంటుకుంటే వాళ్ళు ఎవరికీ చెప్పకుండా బయటికొచ్చేశారు. ఆ సంగతి తెలీక, లోపల మనుషులున్నారేమోనని ఫైర్‌మన్లు వెతకడానికి వెళ్ళారు. అందులో ఇద్దరు పొగలో దారి తప్పారు. దారి తప్పామని, గాలి అయిపోతోందని రేడియోలో చెప్పారు. వాళ్ళ గొంతు బయటున్న వాళ్ళకి వినబడుతోంది. ఎక్కడ ఉన్నారో మాత్రం తెలీదు. వాళ్ళ కోసం మళ్ళీ మనుషులు లోపలికెళ్ళారు. ఆ వెళ్ళినవాళ్ళలో నలుగురు తిరిగిరాలేదు. చివరికి డిస్ట్రిక్ట్ చీఫ్ మైక్ మెక్‌నమీ తలుపుకి అడ్డంగా నిలబడి, ఇంకెవర్నీ లోపలికి పోనివ్వలేదు. లోపలున్న ఆరుగురూ ఆయన మనుషులే, ఆపుతున్న వాళ్ళూ ఆయన మనుషులే. ఆరుగురి శరీరాల్నీ బయటికి తీయడానికి ఎనిమిది రోజులు పట్టింది.

ఆ ఊళ్ళోనే వర్సెస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. తమ ఊరి మనుషులు చనిపోయారు కాబట్టి అక్కడి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ వాళ్ళు ఈ సమస్యని నెత్తికెత్తుకున్నారు. లోపలున్న ఫైర్‌మన్‌ని రేడియో సిగ్నళ్ళతో కనిపెట్టే పరికరం చేయడానికి ఏళ్ళ తరబడి పనిచేశారు. 2006 నుంచి ఇదే విషయం మీద వర్క్‌షాపులు పెట్టారు. ఫైర్‌మన్లని, రేడియో ఇంజనీర్లని, సెన్సర్ల వాళ్ళని ఒకే గదిలో కూర్చోబెట్టారు. వాళ్ళ మీద నాకు గౌరవం. నా కోపం వాళ్ళ తర్వాత బయల్దేరిన మా బాపతు జనం మీద. ఆ పరిశోధకులు ఏళ్ళ తరబడి "ఇది చాలా కష్టం" అంటూ పనిచేస్తే, మనం పది స్లైడ్లలో "అయిపోయింది, కొనుక్కోండి" అంటున్నాం.

"అదేంటి, ఫోన్లో లొకేషన్ వస్తోందిగా, అంత కష్టమేముంది?" అని మా ఆఫీసులోనే కనీసం అరడజను మంది అడిగారు. డెలివరీ కుర్రాడు ఏ సందులో మలుపు తిరిగాడో చూస్తూ పెరిగిన బుర్రలు మనవి, ఆ ప్రశ్న రావడం సహజమే. కానీ జీపీయస్ సిగ్నలు 20 వేల కిలోమీటర్ల పైనుంచి వస్తుంది. కాంక్రీటు శ్లాబు దాటేసరికే దానికి ఊపిరుండదు. సరే, వైఫై ఉందిగా? మంటలొచ్చిన బిల్డింగులో ముందు తీసేసేది కరెంటే. గోడలకి బీకన్లు అంటించొచ్చుగా? పాడుబడ్డ గిడ్డంగిలో ఎవరు అంటిస్తారు, అంటించినా బ్యాటరీలు ఎవరు మారుస్తారు, మార్చినా ఆ ప్లాస్టిక్ డబ్బా మంటల్లో ఎంతసేపుంటుంది? పైగా మనిషి ఎక్కువగా చచ్చిపోయేది బీకన్లు పెట్టుకున్న ఐదు నక్షత్రాల హోటల్లో కాదు. ఎవడూ పట్టించుకోని గోడౌన్‌లోనే.

అందుకే అందరూ బూటు సెన్సరు దగ్గరికొస్తారు. భవనంతో పనిలేదు, మనిషి ఒంటి మీదే అంతా ఉంటుంది. ఇక్కడ కాస్త లెక్క చూడాలి, ఇంటర్ ఫిజిక్సే, భయపడకండి. యాక్సిలరోమీటరు త్వరణం చెప్తుంది. దాన్ని ఒకసారి కూడితే వేగం, ఇంకోసారి కూడితే దూరం. సెన్సరులో సెకనుకి సెకనుకి ఒక్క సెంటీమీటరు తప్పు, అంటే 0.01 ఉందనుకోండి. వినడానికి ఏమీ కాదు. అరవై సెకన్ల తర్వాత? సగం ఇంటూ 0.01 ఇంటూ 3600. పద్దెనిమిది మీటర్లు! రెండు నిమిషాలకి డెబ్భై రెండు. టైము రెట్టింపైతే తప్పు నాలుగింతలు. మనిషి కుర్చీలో కదలకుండా కూర్చున్నా చుక్క మాత్రం వీధి దాటి వెళ్ళిపోతుంది.

దీనికో చక్కటి ఉపాయముంది. నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ పాదం ఒక్క క్షణం నేలమీద ఆగుతుంది కదా, ఆ క్షణంలో వేగం సున్నా అని మనకి తెలుసు. అక్కడికి పోగైన తప్పుని కడిగేసి మళ్ళీ మొదలెట్టొచ్చు. ఇదెవరి బుర్రలోంచి వచ్చినా వాళ్ళకి దణ్ణం పెట్టాలి. బాగా నడిచే మనిషికి నడిచిన దూరంలో ఒకటి రెండు శాతం తప్పుతో పనైపోతుంది. మా డెమోలన్నీ దీని మీదే బతికాయి.

కానీ ఫైర్‌మన్ నడవడు, పాకుతాడు. పొగ పైన ఉంటుంది, కాస్త చూపూ కాస్త తక్కువ వేడీ నేల దగ్గరే దొరుకుతాయి. మోకాళ్ళ మీద, ఒక చెయ్యి గోడకి ఆనించి, రెండో చేత్తో పైపు ఈడ్చుకుంటూ పోతాడు. పాదం ఎక్కడా ఆగదు, జారుతూ ఉంటుంది. "ఇప్పుడు వేగం సున్నా" అనే మన నమ్మకమే పోతుంది.

వర్సెస్టర్ గురించి చదివిన ఆదివారం నేనూ, ఆ బూట్ల మిత్రుడూ కలిసి మా అపార్టుమెంటు సెల్లార్‌లో దీన్ని పరీక్షించాం. వాడు కళ్ళకి తువ్వాలు కట్టుకుని, మోకాళ్ళ మీద పార్కింగు స్తంభాల మధ్య పాకాడు. నేను లాప్‌టాప్ పట్టుకుని వెనకాల. వాచ్‌మన్ వచ్చి కాసేపు చూసి, "ఏమన్నా పోయిందా సార్, నేనూ వెతకనా?" అన్నాడు. పోయింది మా పరువని ఆయనకెలా చెప్పను? ఆరేడు నిమిషాలకి మావాడు లిఫ్టు ముందున్నాడు. చుక్క ప్రహరీ దాటి, పక్క అపార్టుమెంటు నీళ్ళ ట్యాంకు దగ్గరుంది. వృత్తం ఉన్న పాత వెర్షను కూడా నడిపి చూశాను. అందులో వృత్తం మా సెల్లార్ మొత్తాన్నీ, పక్కింటి సగాన్నీ కప్పేసింది. అంటే ఆ వెర్షను "నాకు తెలీదు" అని చెప్పింది. నేను చెరిపేసింది సరిగ్గా ఆ మాటనే.

ఇక ఎత్తు సంగతి. అంతస్తు తెలుసుకోవడానికి గాలి పీడనం కొలుస్తారు. ఒక మీటరు ఎక్కితే సుమారు 12 పాస్కల్ తగ్గుతుంది, కాబట్టి ఒక అంతస్తుకి 36. మామూలు రోజున బాగానే పనిచేస్తుంది. మంటలున్నప్పుడు? వేడి గాలి, పగలగొట్టిన కిటికీలు, పొగని బయటికి తోయడానికి తలుపు దగ్గర పెట్టే పెద్ద ఫ్యాన్లు అన్నీ కలిసి పీడనంతో ఆడుకుంటాయి. సెన్సరు వేడెక్కితే దాని తప్పు దానికుండనే ఉంది. 2019లో అమెరికాలో ఎఫ్‌సీసీ ఒక నియమం పెట్టింది: సెల్‌ఫోన్ నుంచి 911కి చేసే కాల్స్‌లో 80 శాతం వాటికి ఎత్తు మూడు మీటర్ల లోపు తేడాతో తెలియాలని. అది మామూలు ఫోన్ల కోసం, ఫైర్‌మన్ల కోసం కాదు. అయినా ఆ అంకెల్ని ఒకసారి చూడండి. మూడు మీటర్లంటే ఒక అంతస్తు! ఐదింట ఒకసారి ఆ లోపు కూడా ఉండనక్కర్లేదు. ఇదే అంకెని మా సేల్స్ వాళ్ళు "మూడు మీటర్ల ఖచ్చితత్వం" అని పెద్ద అక్షరాల్లో స్లైడు మీద వేసుకున్నారు. వైశాల్యంలో మూడు మీటర్లు తప్పితే పక్క గది. ఎత్తులో తప్పితే మధ్యలో శ్లాబుంటుంది బాబూ.

"ఏమీ లేనిదానికంటే ఏదో ఒకటి నయం కదా?" ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. వినడానికి ఎంత బాగుంటుందో! కానీ లోపలివాణ్ణి రక్షించడానికి వెళ్ళే నలుగుర్ని తల్చుకోండి. వాళ్ళ వీపు మీద ఉన్నది కొద్ది నిమిషాల గాలి. "ముప్ఫై నిమిషాల సిలిండరు" అని రాసుంటుంది గానీ బరువు మోస్తూ, ఆయాసపడుతూ పోయేవాడికి అంతసేపు రాదు. చుక్క లేకపోతే వాళ్ళు ఏం చేస్తారు? రేడియోలో చివరిగా ఏమన్నాడో గుర్తు చేసుకుంటారు, పైపు పట్టుకుని వెళ్తారు, అర నిమిషం కదలకపోతే కూతపెట్టే అలారం ఒకటి ప్రతివాడి ఒంటి మీదా ఉంటుంది, దాని కోసం చెవులు రిక్కిస్తారు. అనుమానం వాళ్ళని కాపాడుతూ ఉంటుంది. అదే తెర మీద చుక్క వెలుగుతుంటే, ఆఫీసరు "మూడో అంతస్తు, పాంట్రీ పక్కన" అంటాడు. నలుగురూ తిన్నగా అక్కడికే పోతారు. మనిషి రెండో అంతస్తు మెట్ల దగ్గర పడుంటాడు. వాళ్ళు అతన్ని దాటుకునే వెళ్తారు. ఏమీ లేనప్పుడు ఈ తప్పు జరగదు. ఇది మనం తయారుచేసి, ఇన్‌వాయిసు వేసి మరీ అమ్మిన తప్పు.

ఫైర్‌మన్లకి ఇది కొత్త విషయమేం కాదు. 1958 జనవరిలో లండన్ స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్ నేలమాళిగలో మంటలొచ్చి ఇద్దరు ఫైర్‌మన్లు చనిపోయారు. అదీ కోల్డ్ స్టోరేజే, అదీ చిట్టడవే. ఎవరు లోపలున్నారు, ఎప్పుడు వెళ్ళారు, ఎంత గాలి మిగిలింది అనే లెక్క సరిగా లేదని అప్పుడు తేలింది. దాంతో ఒక పద్ధతి గట్టిపడింది. గాలి సిలిండరు వేసుకుని లోపలికెళ్ళే ప్రతివాడూ తన పేరున్న బిళ్ళని ద్వారం దగ్గర బోర్డుకి తగిలించి వెళ్తాడు. బోర్డు దగ్గరున్న మనిషి వెళ్ళిన టైము, సిలిండరులో గాలి ఎంతో రాసి, ఎప్పటికల్లా బయటికి రావాలో లెక్కేస్తాడు. మన కళ్ళకి ముష్టి ప్లాస్టిక్ బిళ్ళ. కానీ దాని డిజైను చూడండి. మనిషి ఎక్కడున్నాడో అది చెప్పదు, ఎందుకంటే దానికి తెలీదు. తెలిసిన మూడు ముక్కలు మాత్రం తప్పకుండా చెప్తుంది. మా టాబ్లెట్‌కి ఆ నిజాయితీ లేదు. బోర్డు పక్కన సాయంగా నిలబడాల్సిన దాన్ని బోర్డు బదులుగా అమ్మాం మేము.

దీనికి కొలబద్దలు లేవా అంటే ఉన్నాయి. 2016లో ఐఎస్‌ఓ 18305 అని ఒక ప్రమాణం వచ్చింది, భవనాల లోపల మనిషిని కనిపెట్టే పరికరాల్ని ఎలా పరీక్షించాలో చెప్పడానికి. రకరకాల భవనాల్లో, మామూలు నడకతో ఆగకుండా పరుగు, పాకడం కూడా పెట్టి కొలవమంటుంది. మా టీములో దాని పేరు విన్నవాడు ఒక్కడూ లేడు, నాతో సహా. మేము పరీక్షించింది మా ఆఫీసులో, ఏసీలో, నిటారుగా నడుస్తూ.

ఇక మ్యాపు. చుక్కని దేని మీద పెడతాం? డెమో కోసం మా ఆఫీసు ప్లానుని నేనే కూర్చుని గీశాను, రెండు వారాలు పట్టింది. మిగతా ఊరికి ఎవరు గీస్తారు? 2021 మార్చి 8న కోల్‌కతా స్ట్రాండ్ రోడ్డులో రైల్వే వాళ్ళ కొయిలాఘాట్ భవనంలో, పదమూడో అంతస్తులో మంటలొచ్చాయి. తొమ్మిది మంది పోయారు, అందులో నలుగురు ఫైర్‌మన్లు. పైకి వెళ్ళడానికి లిఫ్టు ఎక్కారు. భవనం మ్యాపు అడిగితే రైల్వే వాళ్ళు ఇవ్వలేదని ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ఆ రాత్రే అన్నారు. మేం సహకరించామని రైల్వే వాళ్ళన్నారు. వాళ్ళ తగాదా మనకెందుకు గానీ, ఆ రాత్రి అక్కడ తగువు నడిచింది సెంటీమీటర్ల ఖచ్చితత్వం మీద కాదు, ఒక కాగితం మీద.

మన దగ్గరికే రండి. నేను జావా నేర్చుకున్నది అమీర్‌పేటలో, ఒక కాంప్లెక్సు నాలుగో అంతస్తులో. ఒక హాలుని ప్లైవుడ్డుతో ఆరు గదులు చేశారు. నేను చేరినప్పుడు ఉన్న దారి కోర్సు అయ్యేసరికి లేదు, మధ్యలో ఇంకో క్లాసు రూము లేచింది. అనుమతి కోసం ఇచ్చిన ప్లానులో అక్కడ హాలే ఉండుంటుంది. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సు ఐదో అంతస్తులో ఆరుగురు ఊపిరాడక చనిపోయినప్పుడు, టీవీలో ఆ కారిడార్లు చూస్తుంటే నాకు మా కోచింగ్ సెంటరే కనబడింది. అలాంటి చోటికి వెళ్ళే ఫైర్‌మన్‌కి ముందు కావాల్సింది ఈ నెలలో గీసిన ప్లాను. కానీ అందులో కృత్రిమ మేధ ఉండదు, ఫండింగు రాదు.

సాంకేతికత దండగ అంటున్నానని అపార్థం చేసుకోకండి. హోమ్‌లాండ్ సెక్యూరిటీ డబ్బుతో నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబరేటరీ 'పాయింటర్' అనే పద్ధతి మీద పనిచేసింది. రేడియో తరంగాల బదులు చాలా తక్కువ పౌనఃపున్యంలో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తారు. తరంగదైర్ఘ్యం భవనం కంటే ఎంతో పెద్దది కాబట్టి గోడలకి తగిలి చెల్లాచెదురవడం ఉండదు, కాంక్రీటులోంచి దూసుకుపోతుంది. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. దాని కష్టం దానికుంది, దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ఏదో ఒకరోజు ఇలాంటిదే గట్టెక్కిస్తుందేమో. అప్పుడు కూడా తెర మీద వృత్తం ఉండాల్సిందే.

"ఆ హడావుడిలో వృత్తాలు ఎవరు చూస్తారు?" అని మా మేనేజరే ఒకసారి వాదించాడు. ఆ మాటలో నిజముంది. అయితే వృత్తం వద్దు, మాటల్లో రాద్దాం: "రెండో అంతస్తు గానీ మూడు గానీ. ఖచ్చితంగా తెలిసింది: తూర్పు మెట్లు, 4 నిమిషాల క్రితం." ఆఫీసరు ఈ ఒక్క ముక్కతో రెండు జట్లని రెండు అంతస్తులకి పంపగలడు. ఈ తెరని గీసి చూపించాను కూడా. "బాగుంది, రెండో ఫేజులో చూద్దాం" అన్నాడు.

ఆ తర్వాత మూడు నెలలకి నేను ఉద్యోగం మానేశాను. దీని కోసమే మానేశానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, జీతం కోసం కూడా. వెళ్ళేముందు ఆ లైను మీద ఒక టికెట్టు రాసిపెట్టాను, సెల్లార్ పరీక్ష వీడియో జతచేసి. మొన్న ఆ బూట్ల మిత్రుడికి ఫోన్ చేసి ఏమైందని అడిగాను. ఇంకా తెరిచే ఉందట, ప్రాధాన్యత 'తక్కువ' అని మార్చారట. వచ్చే నెల ఇంకో క్లయింటుకి డెమో ఉందట. ఈసారి వాడు పాకుతానన్నాడు. ఒప్పుకుంటారో లేదో.